ఫైర్‌వాల్ పెట్టాక నెట్ రావట్లేదా? ముందు ఎక్కడ ఆగిందో చూడండి

కొత్త ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌లోకి వచ్చేది, పోయేది వడపోసే బాక్స్) బిగించి, సెట్టింగ్స్ సేవ్ కొట్టాక నెట్ రాకపోతే చాలామంది దేన్ని వదలాలో, దేన్ని ఆపాలో చెప్పే రూల్స్ మీద పడతారు. ఒక్కోటీ తీసేస్తూ పోయి చివరికి అన్నిటినీ అనుమతించే రూల్ పెట్టేస్తారు, తర్వాత దాన్ని తీయడం మర్చిపోతారు. దయచేసి ఆ పని చేయకండి. నేను చూసినంతలో కొత్త బాక్స్‌లో తప్పు ఎక్కువగా ఐపీ (నెట్‌వర్క్‌లో పరికరం అడ్రస్), మాస్క్ (ఆ అడ్రస్ రేంజ్ ఎంతో చెప్పేది), గేట్‌వే (బయటికి దారి ఇచ్చే పరికరం) దగ్గరే దొరుకుతుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చే ముందు బ్యాకప్ తీసుకోండి.

లాన్ (మీ లోపలి నెట్‌వర్క్) ఐపీ మార్చగానే అడ్మిన్ పేజీ పోయిందా? టెన్షన్ పడి రీసెట్ నొక్కకండి. బాక్స్ కొత్త అడ్రస్‌కి వెళ్లింది, మీ ల్యాప్‌టాప్ పాత రేంజ్‌లోనే ఉండిపోయింది, అంతే. కేబుల్ తీసి మళ్లీ పెట్టండి. అప్పుడు ల్యాప్‌టాప్‌కి 169.254తో మొదలయ్యే అడ్రస్ వస్తే డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకి ఐపీలు పంచేది) నుంచి ఏమీ అందలేదని అర్థం. చాలాసార్లు లాన్ ఐపీ మార్చినవాళ్లు డీహెచ్‌సీపీ పూల్‌ని, అంటే అది పంచే ఐపీల గుంపుని, పాత రేంజ్‌లోనే వదిలేసి ఉంటారు. ల్యాప్‌టాప్‌కి కొత్త రేంజ్‌లో ఒక ఐపీ చేత్తో ఇచ్చి, లోపలికి వెళ్లి పూల్ సరిచేయండి.

బాక్స్ నుంచే బయటికి పింగ్ (అవతలి పరికరం జవాబిస్తుందో లేదో చూసే పరీక్ష) వెళ్లట్లేదా? ముందు గేట్‌వేకి కొట్టి చూడండి. జవాబు లేకపోతే ఏఆర్‌పీ టేబుల్‌లో (ఏ ఐపీకి ఏ మ్యాక్ అనేది రాసుకునే పట్టిక) గేట్‌వే మ్యాక్ అడ్రస్ (పరికరం హార్డ్‌వేర్ నంబర్) కనిపిస్తోందో లేదో చూడండి, ఎందుకంటే కొన్ని గేట్‌వేలు పింగ్‌కి జవాబివ్వవు. మ్యాక్ కూడా లేదంటే కేబుల్, పోర్ట్, వీల్యాన్ (ఒకే వైరు మీద నెట్‌వర్క్‌లని విడదీసే నంబర్), మాస్క్ చూసుకోవాలి. ప్రొవైడర్ మాస్క్‌గా 255.255.255.252 ఇస్తే అందులో వాడుకోగలిగేవి రెండే అడ్రస్‌లు, ఒకటి వాళ్లది, ఒకటి మీది. అన్నీ సరిగ్గానే ఉన్నా రాకపోతే మోడెమ్ పాత రూటర్ మ్యాక్‌నే గుర్తుపెట్టుకుని ఉండొచ్చు, దాన్ని కొన్ని నిమిషాలు ఆపి ఆన్ చేయండి.

బాక్స్‌కి నెట్ ఉంది, లోపలి కంప్యూటర్లకి లేదంటే న్యాట్ (లోపలి ఐపీలని బయటి ఐపీగా మార్చి పంపేది) రూల్ ఉందో లేదో చూడండి. అది ఉన్నా రావట్లేదంటే వాన్ (ప్రొవైడర్ వైపు కనెక్షన్), లాన్ రెండూ ఒకే రేంజ్‌లో ఉన్నాయేమో చూడండి. మోడెమ్ 192.168.1.1, మీ ఫైర్‌వాల్ లాన్ కూడా 192.168.1.1 అయితే ఏ ప్యాకెట్ (డేటా ముక్క) ఎటు పంపాలో బాక్స్‌కి తెలియదు. లాన్‌ని 192.168.50.1కి మార్చండి, పూల్‌ని కూడా.

8.8.8.8కి (గూగుల్ సర్వర్) పింగ్ వెళ్తోంది కానీ సైట్ పేరు కొడితే తెరుచుకోవట్లేదంటే అది డీఎన్ఎస్ (సైట్ పేరుని ఐపీగా మార్చేది) సమస్య. డీఎన్ఎస్ వాడే పోర్ట్ 53ని యూడీపీకి మాత్రమే కాదు, టీసీపీకి కూడా వదలండి (ఈ రెండూ డేటా పంపే పద్ధతులు).

అన్నిటికన్నా సతాయించేది, కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని తిరుగుతూనే ఉండటం. వాన్ పీపీపీఓఈ (యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే కనెక్షన్) అయితే నేను మొదట అనుమానించేది ఎంటీయూనే, అంటే ఒక ప్యాకెట్ ఎంత పెద్దది ఉండొచ్చనే పరిమితి. మామూలు ఈథర్‌నెట్‌లో అది 1500, పీపీపీఓఈ తన హెడర్ (ప్యాకెట్ ముందు తగిలించే వివరాలు) కోసం 8 బైట్లు తీసుకుంటుంది, మిగిలేది 1492. ప్యాకెట్‌ని ముక్కలు చేయొద్దనే ఆప్షన్‌తో 1472 బైట్ల పింగ్ కొట్టండి, హెడర్లకి ఇంకో 28 కలిపితే అది సరిగ్గా 1500. అది వెళ్లకుండా 1464 వెళ్తే దొంగ దొరికినట్టే. వాన్‌లో ఎంటీయూ 1492, ఎంఎస్ఎస్ (ఒక టీసీపీ ప్యాకెట్‌లో హెడర్లు పోగా ఉండే డేటా పరిమితి) 1452 పెట్టండి. సెక్యూరిటీ పేరుతో ఐసీఎంపీని (పింగ్ లాంటి కబుర్లు మోసేది) పూర్తిగా ఆపేసినా ఇదే బాధ వస్తుంది, ఎందుకంటే ప్యాకెట్ పెద్దదైందని చెప్పే కబురు వచ్చేది అందులోనే.

నెట్ బాగానే ఉన్నా అప్‌డేట్లు, వీపీఎన్ సర్టిఫికెట్ ఎర్రర్‌తో ఆగిపోతుంటే బాక్స్‌లో తేదీ, టైమ్ చూడండి. తప్పుంటే ఎన్‌టీపీ సర్వర్ (సరైన టైమ్ ఇచ్చే సర్వర్) పెట్టి, టైమ్ సరైందయ్యాక మళ్లీ ప్రయత్నించండి.