1890 నాటి పీటర్స్‌బర్గ్‌లో ‘స్లీపింగ్ బ్యూటీ’ బ్యాలే తొలి ప్రదర్శన చూడాలంటే

కాలయంత్రంలో తేదీ పెట్టేటప్పుడే జాగ్రత్త. మన క్యాలెండర్ ప్రకారం 1890 జనవరి 15 అని పెట్టండి. అప్పటి రష్యా లెక్కలో అది జనవరి 3. ఈ 12 రోజుల తేడా మరిచిపోతే అసలు ప్రదర్శనే దొరకదు.

యంత్రాన్ని మారిన్‌స్కీ థియేటర్ ఎదుట దింపవద్దు, బండి గుర్రాలు బెదురుతాయి. పక్క వీధి మేలు. నెవా నది గడ్డకట్టే కాలం కాబట్టి మందపాటి ఉన్ని కోటు తప్పదు.

టికెట్టు పై అంతస్తులోనే తీసుకోండి. ముందు వరుసకు ఆశపడకండి. నృత్య దర్శకుడు పెటిపా కూర్చిన బృందాలు పైనుంచి చూస్తేనే ముగ్గులా విచ్చుకుంటాయి. కూచిపూడి నేర్చుకున్న నాకు చూపు మొదట నర్తకి కళ్ల మీదికే పోతుంది. ఇక్కడ మాత్రం పాదాలను వదలకండి, ముఖ్యంగా రాకుమారి అరోరాగా కార్లొట్టా బ్రియాంజా వచ్చినప్పుడు. చైకోవ్‌స్కీ సంగీతం సంగతి నేను చెప్పాలా!

నర్తకుడు ఎన్రికో చెకెట్టిని రెండుసార్లు గుర్తుపట్టాలి. దుష్ట దేవత కరబోస్ ఆయనే. చివరి అంకంలో, పెళ్లి వేడుకలో, గాలిలో కాళ్లు రెక్కల్లా ఆడిస్తూ ఎగిరే నీలిపిట్టా ఆయనే. నాందీ, మూడు అంకాలూ కలిపి చాలాసేపు సాగుతుంది. ముందే కడుపునిండా తిని వెళ్లండి, నీలిపిట్ట వచ్చేదాకా లేవకండి.