మ్యాడర్ పొడి ముక్కులోకి పోకుండా

మ్యాడర్ అనే మొక్క వేరు పొడితో బట్టకు ఎరుపు వేద్దామని పొట్లం విప్పితే చాలు, దుమ్ము లేస్తుంది. మొక్కల రంగే కదా అని పీల్చేయకండి. ఇందులోని లూసిడిన్ అనే పదార్థం డీఎన్ఏను దెబ్బతీస్తుంది. ఈ వేరును మేతలో కలిపి పెట్టిన ఎలుకలకు కాలేయంలో, మూత్రపిండాల్లో కణితులు వచ్చాయి. జపాన్ 2004లో దీన్ని ఆహార రంగుగా వాడకుండా ఆపేసింది.

50 గ్రాముల ప్లాస్టిక్ పొట్లం మూల కొద్దిగా కత్తిరించి, లోపలికే 150 మి.లీ. నీళ్లు మెల్లగా పోయండి. మూల మడిచి పట్టుకుని పైనుంచే పిసికితే పది నిమిషాల్లో ముద్దవుతుంది. ముద్దను పల్చటి గుడ్డలో వదులుగా మూటకట్టి రంగు గిన్నెలో వేయండి; బట్టకు నలకలూ అంటవు. ఆ గిన్నె మళ్లీ వంటకు వద్దు.

పొట్లం నిండుగా ఉంటే మాత్రం ఇది పనికిరాదు, నీళ్లు పోయగానే పొడి ఎదురు చిమ్ముతుంది. తడిపిన ముద్ద నిల్వ ఉండదు, బూజు పడుతుంది.