తప్పు పెప్టైడ్‌దా, నీటిదా? బ్యాక్టీరియోస్టాటిక్ వాటర్‌తో వచ్చే చిక్కులు, పరిష్కారాలు

ప్రయోగశాలలో పెప్టైడ్ (అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు) ద్రావణం సరిగ్గా పనిచేయలేదనగానే అందరి అనుమానమూ పెప్టైడ్ మీదికే పోతుంది. పొడి పంపినవారికి ఫిర్యాదు వెళుతుంది, కొత్త వయల్ వస్తుంది, అందులోనూ అదే ఇబ్బంది ఎదురవుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. నన్ను పిలిచిన ప్రతిసారీ నేను మొదట అడిగేది, దానిని ఏ నీటిలో కరిగించారని. "స్టెరైల్ వాటరే" అన్న జవాబు వస్తే ఆ సీసాను తెప్పించి, లేబుల్‌ను వారిచేతనే చదివిస్తాను.

ఈ లేబుల్ దగ్గర పొరపాటు పడడం చాలా తేలిక. బ్యాక్టీరియోస్టాటిక్ వాటర్‌లో బ్యాక్టీరియా పెరగకుండా ఆపే ప్రిజర్వేటివ్‌గా 0.9 శాతం బెంజైల్ ఆల్కహాల్ ఉంటుంది, సెలైన్‌లో 0.9 శాతం ఉప్పు ఉంటుంది. బ్యాక్టీరియోస్టాటిక్ సెలైన్‌లో ఈ రెండూ అదే 0.9 శాతం చొప్పున ఉంటాయి. అంకెను మాత్రమే చూసి సీసా తీసుకున్నవారు ఏం కలిపారో వారికే తెలియదు. కింద చెప్పిన ఏ లక్షణం కనిపించినా ముందుగా ఈ లేబుల్‌ను, సీసాకు మొదటిసారి సూది గుచ్చిన తేదీని చూడండి. ఇదంతా ప్రయోగశాల పెప్టైడ్‌ల గురించి రాస్తున్నది. మనుషులకు ఇచ్చే మందును ఏ ద్రవంతో కలపాలో ఆ మందుతో వచ్చిన పత్రమే చెప్పాలి.

పొడి కరగడం లేదు, లేదా కలిపిన వెంటనే మబ్బుగా ఉంది

ఇందులో నీటి తప్పు తక్కువ, ఎంపిక తప్పు ఎక్కువ. బ్యాక్టీరియోస్టాటిక్ వాటర్‌లో బఫర్ (పీహెచ్‌ను, అంటే ఆమ్ల-క్షార స్థాయిని నిలకడగా ఉంచేది) ఉండదు కాబట్టి, పెప్టైడ్ విద్యుదావేశానికి తగిన పీహెచ్‌ను అది ఇవ్వలేదు. అమైనో ఆమ్లాల వరుసను ముందు పెట్టుకుని లెక్క వేయండి: లైసిన్, ఆర్జినిన్, మొదటి కొస ధనావేశాలు, ఆస్పార్టిక్, గ్లూటామిక్ ఆమ్లాలు, చివరి కొస రుణావేశాలు. మొత్తం ధనమైతే కొద్దిగా పలుచని అసిటిక్ ఆమ్లంలోను, రుణమైతే పలుచని అమ్మోనియం బైకార్బనేట్‌లోను ముందు కరిగించి, ఆ తరువాత పలుచన చేయండి. నీటిని దూరం పెట్టే వరుస అయితే కొద్దిపాటి డీఎంఎస్‌ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రావణి) అవసరమవుతుంది, కాని సిస్టీన్ లేదా మెథియోనిన్ ఉంటే ఆక్సీకరణ భయం వల్ల దాని జోలికి వెళ్లకండి.

మొదటి రోజు తేటగా ఉంది, కొన్ని రోజులకు మసకబారింది

బెంజైల్ ఆల్కహాల్ కొన్ని ప్రోటీన్‌ల మడతలను సడలించి, అవి ఒకదానికొకటి అతుక్కుని గుంపు కట్టేలా చేస్తుంది; ఇంటర్‌ఫెరాన్ గామా విషయంలో ఇది స్పష్టంగా నమోదైంది. పొట్టి పెప్టైడ్‌లలో మడతలు తక్కువ కాబట్టి ఈ ప్రమాదమూ తక్కువే, కాని పొడవైనవాటిని నమ్మడానికి లేదు. అదే పొడిని రెండు భాగాలు చేసి, ఒకదానిని సాదా స్టెరైల్ వాటర్‌లోను రెండవదానిని బ్యాక్టీరియోస్టాటిక్ వాటర్‌లోను కలిపి, పక్కపక్కన ఫ్రిజ్‌లో పెట్టండి. సాదా నీటిది తేటగా నిలిచి రెండవది మసకబారితే కారణం తేలినట్టే. ఇకపై సాదా నీటిలోనో బఫర్‌లోనో కలిపి, ఒక్కసారికి సరిపడే చిన్న భాగాలుగా పంచి, గడ్డకట్టించి దాచుకోండి.

ద్రావణం తేటగానే ఉంది, ఫలితాలు మాత్రం పొసగడం లేదు

నన్ను ఎక్కువగా ఏడిపించినది ఇదే.

ఒకసారి కణాల మీద పరీక్షిస్తున్న పెప్టైడ్ మోతాదు పెరిగేకొద్దీ కణాలు చక్కగా తగ్గుతూ వచ్చాయి. గీసిన వక్రరేఖ ఎంత అందంగా వచ్చిందంటే, దానిని ఎవరూ ప్రశ్నించలేదు. అదే అమైనో ఆమ్లాలను వరుస మార్చి చేయించిన, ఏ పనీ చేయకూడని పెప్టైడ్ కూడా అదే వక్రరేఖను ఇచ్చినప్పుడు గాని మాకు కళ్లు తెరుచుకోలేదు. పరీక్ష పలకలో ఒక్కో గుంటలోని 100 మైక్రోలీటర్లలో, బ్యాక్టీరియోస్టాటిక్ వాటర్‌తో ముందే కలిపి ఉంచుకున్న స్టాక్ ద్రావణం 1, 2, 5, 10 మైక్రోలీటర్ల చొప్పున ఉంది. అంటే పెప్టైడ్‌తో పాటు బెంజైల్ ఆల్కహాల్ కూడా అదే మెట్ల మీద ఎక్కుతూ వచ్చి, చివరి గుంటలో 0.09 శాతానికి చేరింది. పోల్చి చూడడానికి పెప్టైడ్ లేకుండా ఉంచే కంట్రోల్ గుంటలకు మాత్రం మేము శుభ్రంగా ఉప్పు బఫర్ పోశాము. మేము రెండు నెలలు కొలిచింది ఒక ప్రిజర్వేటివ్ ప్రభావాన్ని.

దీని పరిమాణం ఎంతో చాలామందికి ఊహకు రాదు. 0.9 శాతమంటే లీటరుకు 9 గ్రాములు, అంటే సుమారు 83 మిల్లీమోలార్. అణుభారం 1500 ఉన్న పెప్టైడ్‌ను మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున కలిపితే, ఒక్కో పెప్టైడ్ అణువు చుట్టూ సుమారు 125 బెంజైల్ ఆల్కహాల్ అణువులు ఉంటాయి. అది కణత్వచాల్లోకి చొరబడి వాటిని వదులు చేసే పదార్థం కూడా.

పరిష్కారం చెప్పడానికి తేలిక, పాటించడానికి ఓపిక కావాలి. ప్రతి గుంటలోను బ్యాక్టీరియోస్టాటిక్ వాటర్ మొత్తం ఒక్కటే ఉండాలి: పెప్టైడ్ 2 మైక్రోలీటర్లు వేసినచోట పెప్టైడ్ కలపని బ్యాక్టీరియోస్టాటిక్ వాటర్‌ను 8 మైక్రోలీటర్లు, పెప్టైడ్ లేనిచోట పూర్తి 10 మైక్రోలీటర్లు, అదీ అదే సీసా నుంచి వేయాలి. ఇంకా మంచి దారి, కణాల పనికి ఈ నీటిని అసలు వాడకపోవడమే.

గాఢత కొలిచేటప్పుడూ ఇదే దొంగ దొరుకుతాడు. బెంజైల్ ఆల్కహాల్ అతినీలలోహిత కాంతిని 257 నానోమీటర్ల దగ్గర పీల్చుకుంటుంది, 214 దగ్గరైతే మరీ ఎక్కువగా పీల్చుకుంటుంది. పెప్టైడ్ బంధాన్ని మనం చూసేది ఆ 214 దగ్గరే. సాదా నీటితో బ్లాంక్ (తరువాత తీసివేయడానికి, పెప్టైడ్ లేని ద్రవపు కొలత) తీసి, బ్యాక్టీరియోస్టాటిక్ వాటర్‌లో కలిపిన ద్రావణాన్ని కొలిస్తే గాఢత ఎక్కువగా కనిపిస్తుంది. బ్యాక్టీరియోస్టాటిక్ వాటర్‌తోనే బ్లాంక్ తీసినా, ఆ తరంగదైర్ఘ్యంలో పరికరం ముందే నిండిపోయి ఉంటే తీసివేత వల్ల లాభం లేదు. ట్రిప్టోఫాన్ లేదా టైరోసిన్ ఉన్న పెప్టైడ్‌ను 280 దగ్గర కొలవండి. అక్కడా జాగ్రత్త అవసరం: చాలాకాలం తెరిచి వాడిన సీసాలో కొంత బెంజైల్ ఆల్కహాల్ గాలి తగిలి బెంజాల్డిహైడ్‌గా మారవచ్చు, అది 280 దగ్గర గట్టిగానే పీల్చుకుంటుంది. చేదు బాదం వాసన వస్తే ఆ సీసాను పక్కన పెట్టండి. హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) వాడేవారు ఉత్త బ్యాక్టీరియోస్టాటిక్ వాటర్‌ను ఒకసారి పంపి, దాని శిఖరం ఎక్కడ వస్తుందో చూసుకోండి. అది పెప్టైడ్ శిఖరం మీద పడితే స్వచ్ఛత లెక్కలన్నీ వృథా.

ఇవన్నీ సరిచూశాక కూడా గాఢత తక్కువగా వస్తే, పెప్టైడ్‌తో వచ్చిన పత్రంలో నికర పెప్టైడ్ శాతాన్ని చూడండి. వయల్‌లోని 5 మిల్లీగ్రాముల పొడిలో ట్రైఫ్లోరో అసిటిక్ ఆమ్లపు లవణం, తేమ కూడా ఉంటాయి. నికరం 70 శాతమైతే మీ దగ్గర ఉన్నది 3.5 మిల్లీగ్రాములే.

కొన్ని వారాలకు పనితనం తగ్గింది

సూది గుచ్చిన తరువాత 28 రోజులన్న గడువు నీటి సీసాలో సూక్ష్మజీవుల భద్రతకు పెట్టినది. పెప్టైడ్ ఆయుష్షుకు దానికి సంబంధం లేదు. పైగా ఈ నీరు బ్యాక్టీరియా పెరుగుదలను అణచిపెడుతుందే తప్ప, పడిన ప్రతిదానినీ చంపదు. ఆస్పరాజిన్ పక్కన గ్లైసిన్ ఉన్న వరుసలు ద్రావణంలో త్వరగా మారిపోతాయి, మెథియోనిన్ ఆక్సీకరణకు లోనవుతుంది, బాగా పలుచని ద్రావణంలో పెప్టైడ్ గోడలకే అతుక్కుపోతుంది. పొడిని పొడిగానే మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉంచి, గది వేడికి వచ్చాకనే మూత తెరిచి, ఆ వారానికి కావలసినంతే కలుపుకోండి.

సిరంజిలోని సిలికాన్ నూనె, రబ్బరు మూత నుంచి ఊరే పదార్థాలు, తయారీలోనే చెడిన పెప్టైడ్ కూడా కారణాలే. పైవన్నీ అయ్యాక మిగిలితే అప్పుడు వెతకండి. నాకైతే అంతవరకు వెళ్లవలసిన అవసరం చాలా అరుదుగా వచ్చింది.