మతిమరుపు మొదలైన పెద్దల వీలునామా కోర్టులో నిలవాలంటే (ఇంగ్లండు, వేల్స్)

డిమెన్షియా ఉందని డాక్టర్ తేల్చినంత మాత్రాన వీలునామా రాసే హక్కు పోదు. ఆ రోజు ఆ మనిషికి ఏం తెలుసు అన్నదే ఇంగ్లండు, వేల్స్ కోర్టులు చూస్తాయి. తగాదా కోర్టుకెక్కేసరికి రాసినవాళ్ళు బతికి ఉండరు. అందుకే వీలునామా తయారుచేసే సొలిసిటర్‌గా (న్యాయవాదిగా) మీరు ఆ గదిలో ఆ రోజు రాసుకున్న నోట్సుకు ఉన్న విలువ, తర్వాత బంధువులు చెప్పే సాక్ష్యానికి ఉండదు.

కొలబద్ద 1870 నాటి బ్యాంక్స్ వర్సెస్ గుడ్‌ఫెలో తీర్పు. తాను రాస్తున్నది వీలునామా అనీ, అది తన తదనంతరం అమలవుతుందనీ వీలునామా రాసే పెద్దాయనకు తెలియాలి. తన ఆస్తి ఏమిటో సుమారుగా తెలియాలి, పెన్నీలతో సహా అక్కర్లేదు. ఎవరెవరికి తన మీద హక్కు ఉందో, వాళ్ళలో ఎవరిని వదిలేస్తున్నారో గుర్తుండాలి. జబ్బు వల్ల కలిగిన భ్రమ ఏదీ పంపకాన్ని తప్పుదారి పట్టించకూడదు. దయ్యాలూ, చనిపోయిన ఒక మనిషీ తనను వెంటాడుతున్నారని జాన్ బ్యాంక్స్ నమ్మేవాడు. అయినా బంధువులమ్మాయికి ఆస్తి రాసిన ఆయన వీలునామా నిలిచింది, ఆ భ్రమకూ పంపకానికీ సంబంధం లేదు గనుక.

వీలునామా రాసే తెలివి ఉందని ధ్రువీకరించే డాక్టర్ లేఖలో తరచూ జరిగే పొరపాటు ఇక్కడే. లేఖ అడిగితే చాలామంది 2005 నాటి మెంటల్ కెపాసిటీ యాక్ట్ (నిర్ణయాలు తీసుకునే మానసిక సామర్థ్యం గురించిన చట్టం) ప్రకారం రాసిస్తారు. బతికుండగా తానే రాసిన వీలునామాను మరణం తర్వాత పరీక్షించేటప్పుడు మాత్రం హైకోర్టు 1870 నాటి కొలబద్దనే వాడుతోంది. కాబట్టి మీరు పంపే ఉత్తరంలోనే ఆ నాలుగు అంశాలూ రాసి, ఒక్కోదానికి విడిగా జవాబు అడగండి. జ్ఞాపకశక్తి పరీక్షలో వచ్చిన మార్కులు ఒక్కటే ఇస్తే సరిపోదు. వృద్ధులైనా, తీవ్రంగా జబ్బుపడినవాళ్ళైనా డాక్టర్ పరీక్షించి, సాక్షిగా కూడా ఉండడం మంచిదన్నది 1975 నుంచి ‘గోల్డెన్ రూల్’గా పేరుపడింది. అది పాటించకపోతే వీలునామా చెల్లదని కాదు, నిరూపించడం మాత్రం చాలా కష్టమవుతుంది.

సూచనలు తీసుకునేటప్పుడు పిల్లల్ని బయట కూర్చోబెట్టండి, ముఖ్యంగా లబ్ధి పొందబోయేవాళ్ళని. పెద్దలకు ఇంగ్లీషు అంతగా రాకపోతే అనువదించేవారు కుటుంబానికి బయటివాళ్ళై ఉండాలి. రోజులో ఆయన చురుగ్గా ఉండే సమయం కనుక్కుని వెళ్ళండి. “ఇల్లు పెద్దబ్బాయికేనా?” అని అడిగితే “ఆఁ” అంటారు, దాంతో ఏమీ తేలదు. “ఇల్లు ఎవరికి ఇద్దామనుకుంటున్నారు? ఎందుకు? పోయినసారి రాసినదాన్ని ఎందుకు మారుస్తున్నారు?” అని అడిగి, జవాబు ఆయన మాటల్లోనే రాసుకోండి. తేదీ, వచ్చిన, వెళ్ళిన సమయాలు, గదిలో ఎవరున్నారు అన్నవీ ఉండాలి. కొన్ని రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళి అవే ప్రశ్నలు అడగండి. జవాబులు నిలకడగా ఉంటే అంతకన్నా బలమైన కాగితం లేదు.

లాండ్ రిజిస్ట్రీ (ఆస్తి యాజమాన్యం నమోదయ్యే ప్రభుత్వ కార్యాలయం) పత్రం కూడా ముందే తెప్పించుకోవాలి. ఇల్లు జాయింట్ టెనన్సీలో, అంటే విడి వాటాలు లేని ఉమ్మడి యాజమాన్యంలో ఉంటే ఒకరు పోగానే దానంతటదే రెండోవారికి వెళ్తుంది, వీలునామాలో ఏం రాసినా లాభం లేదు. తన వాటా విడిగా రాయాలనుకుంటే ముందు సివరెన్స్ నోటీసు (ఆ ఉమ్మడి యాజమాన్యాన్ని విడి వాటాలుగా మార్చే నోటీసు) ఇవ్వాలి.

సంతకం నియమాలు 1837 నాటి విల్స్ యాక్ట్‌లో ఉన్నాయి. ఇద్దరు సాక్షులూ ఒకేసారి ఎదురుగా ఉండగా వీలునామా రాసేవారు సంతకం పెట్టాలి, ఆ తర్వాత వాళ్ళు ఆయన సమక్షంలో పెట్టాలి. లబ్ధిదారుగానీ, వారి భర్త లేదా భార్యగానీ సాక్షి అయితే వీలునామా చెల్లుతుంది, కానీ ఆ లబ్ధిదారు వాటా పోతుంది. ఫోటోకాపీ కోసం పిన్ను పీకకండి. రంధ్రాలు కనిపిస్తే ఏదో కాగితం తీసేశారా అని ప్రొబేట్ (వీలునామాకు అధికారిక ఆమోదం) ఇచ్చే ప్రొబేట్ రిజిస్ట్రీ అడుగుతుంది.

సూచనలకూ సంతకానికీ మధ్య పరిస్థితి దిగజారితే? 1883 నాటి పార్కర్ వర్సెస్ ఫెల్‌గేట్ తీర్పు ఆదుకుంటుంది. సూచనలిచ్చినప్పుడు తెలివి సరిగ్గా ఉండి, కాగితం వాటి ప్రకారమే తయారై, తాను చెప్పిన వీలునామా మీదే సంతకం పెడుతున్నానని ఆయన గ్రహిస్తే చాలు. మొదటి నోట్సు మీద తేదీ లేకపోతే ఈ తీర్పు అక్కరకు రాదు.

ఆ మాత్రం తెలివి కూడా లేకపోతే సంతకం పెట్టించకండి. లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ (తెలివి తప్పాక కూడా ఆయన తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారపత్రం) ఉన్నవాళ్ళు కూడా ఆయన తరఫున వీలునామా రాయలేరు. నిర్ణయాలు తీసుకోలేనివాళ్ళ వ్యవహారాలు చూసే కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్‌కు వెళ్ళి స్టాట్యుటరీ విల్ (ఆయన తరఫున కోర్టు ఆమోదించే వీలునామా) అడగాలి. అక్కడ 2005 చట్టమే వర్తిస్తుంది, ఆయన శ్రేయస్సే గీటురాయి. వాటా తగ్గబోయేవాళ్ళకు నోటీసు వెళ్తుంది.

మరణం తర్వాత అనుమానం ఉన్నవాళ్ళు ముందుగా రుసుము కట్టి కేవియట్ (ప్రొబేట్ ఇవ్వొద్దని రిజిస్ట్రీకి ఇచ్చే అభ్యంతర నోటీసు) వేస్తారు. అది 6 నెలలు ప్రొబేట్‌ను ఆపుతుంది. ఆ వెంటనే ‘లార్క్ వర్సెస్ న్యూగస్’ ఉత్తరం (ఆ పేరుగల తీర్పును బట్టి అలా పిలుస్తారు) పంపి, వీలునామా తయారుచేసిన సొలిసిటర్‌ను ఫైలంతా అడుగుతారు. మీ నోట్సు అవతలి బారిస్టర్ చదివేది అప్పుడే. కుటుంబం రాజీకి వస్తే, మరణం నుంచి 2 ఏళ్ళలోపు డీడ్ ఆఫ్ వేరియేషన్ (పంపకాన్ని మార్చుకునే ఒప్పంద పత్రం) రాసుకోవచ్చు. అందులో తగిన ప్రకటన చేర్చితే వారసత్వపు పన్నుకు ఆ మార్పును మృతుడే చేసినట్టు లెక్కిస్తారు. మైనర్ల వాటా తగ్గేట్టయితే కోర్టు అనుమతి తప్పనిసరి.