దీపావళి సేల్‌కి ముందు: ఆన్‌లైన్‌లో చీరలు అమ్మేవాళ్ళకు రంగుల జాగ్రత్తలు

బెంగళూరు చిక్‌పేటలో చీర కొనేవాళ్ళను గమనించండి. ట్యూబ్‌లైటు కింద ఎంత నచ్చినా, డబ్బు కట్టేముందు చీర పట్టుకుని గుమ్మం దాకా వస్తారు. వెలుతురులో ఒక మడత విప్పి, చేతి మీద వేసుకుని చూస్తారు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళకు ఆ గుమ్మం లేదు. వాళ్ళ తరఫున ఆ పని మనమే చేసిపెట్టాలి.

బెంగళూరులో ఇంటి నుంచి ధర్మవరం చీరలు అమ్ముతున్న నాకు ఇది నష్టపోయాకే అర్థమైంది. పోయిన దీపావళికి ఉల్లిపొర రంగు చీరలను పసుపు బల్బు కింద ఫోటోలు తీశాను. కనకాంబరం రంగులా వచ్చాయి. చూడముచ్చటగా ఉన్నాయని అలాగే పెట్టేశాను. 12 చీరలు వెళితే 7 తిరిగొచ్చాయి. మారతహళ్ళి నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "చీర బాగుందండీ. కానీ మా అమ్మాయి ఆ ఫోటో చూసి జాకెట్టు కుట్టించుకుంది, ఇప్పుడేం చెయ్యమంటారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

అందుకే ముందు ఫోటోలు సరిచూసుకోండి. నేరుగా ఎండ పడని కిటికీ పక్కన, పగటి వెలుతురులో తీయండి. ఇంట్లో లైట్లు ఆపేయండి. చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టండి. ఫోటోలో కాగితం పసుపుగా కనిపిస్తే చీర రంగు కూడా తప్పినట్టే. ఫిల్టర్లు వద్దు. అప్‌లోడ్ చేశాక కనీసం రెండు మూడు ఫోన్లలో చూడండి, కొన్ని స్క్రీన్లు రంగును బాగా పెంచి చూపిస్తాయి.

నెమలికంఠం లాంటి చీరల్లో పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. కొంగు కదిలితే రంగు మారుతుంది కాబట్టి ఫోటో చాలదు, పది సెకన్ల వీడియో పెట్టండి. "పింక్" అని రాసి వదిలేయకండి. ఉల్లిపొరా, రాణి పింకా, తామరపువ్వు రంగా, చెప్పండి. స్క్రీన్ మోసం చేసినా పేరు చదివినవాళ్ళకు రంగు తెలుస్తుంది.

ఇక సైటు. పండగ కదా అని పేజీ అంతా ఎరుపు, బంగారు రంగులతో నింపేస్తాం. ఎరుపంటే ప్రమాదం అని చెప్పే సలహాలను నేను పట్టించుకోను, మనకది కుంకుమ రంగు, శుభం. ఇబ్బంది వేరే చోట ఉంది. ఫ్రాన్స్‌లో గోబ్లాఁ నేత కార్ఖానాలో అద్దకాల బాధ్యత చూసిన షెవ్రేల్ అనే రసాయన శాస్త్రవేత్తకు నల్ల దారం వెలిసినట్టుందని ఫిర్యాదులొచ్చాయి. వెతికితే తప్పు అద్దకంలో లేదు, పక్కనున్న రంగు వల్ల అలా కనిపిస్తోంది. 1839లోనే ఆయన ఈ సంగతి ప్రచురించాడు. మెరూన్ చీర వెనక మంట ఎరుపు పెడితే చీర వెలవెలబోయేది అందుకే. చీర వెనక తెలుపో, లేత బూడిద రంగో ఉంచండి. పండగ ఎరుపును బ్యానర్‌కీ, "కొనండి" బటన్‌కీ మాత్రమే వాడండి. అన్నీ ఎర్రగా ఉంటే బటన్ ఎవరికీ ఆనదు.

క్రీమ్ రంగు మీద బంగారు అక్షరాలు అసలు వద్దు. మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర బస్సు కిటికీ పక్కన, ఎండలో ధర చదవగలరా? అదే అసలు పరీక్ష. స్టాకును పచ్చ, ఎర్ర చుక్కలతో మాత్రమే చూపించకండి. ఆ రెండిటికీ తేడా తెలియని మగవాళ్ళు చాలామంది ఉంటారు. "ఉంది", "అయిపోయింది" అని రాయండి.

లేని గడువుకు ఎర్ర టైమర్ పెట్టడం, "వద్దు" అన్న బటన్‌ను కనపడని బూడిద రంగులో దాచడం చేయకండి. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (CCPA) ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్ళను మభ్యపెట్టే డిజైన్లు) మార్గదర్శకాల్లో 13 రకాల మోసాలున్నాయి, ఇవీ అందులోకే వస్తాయి.

ఈ మార్పులన్నీ సేల్‌కి రెండు వారాల ముందే చేసి, ఇంట్లోవాళ్ళతో ఒక ఆర్డరు పెట్టించి చూడండి. ఆ తర్వాత రంగుల జోలికి వెళ్ళకండి, చివరి వారం ప్యాకింగ్‌కే టైం సరిపోదు.