మరుగున పడ్డ తెలుగు సినిమాని నలుగురికీ సరిగ్గా చూపించడం ఎలా?

'మా భూమి' పేరు వినని తెలుగువాళ్ళు తక్కువ. మొదటి నుంచి చివరిదాకా చూసినవాళ్ళు మాత్రం మీ చుట్టూ ఎంతమంది ఉన్నారో అడిగి చూడండి. 1988 నాటి 'దాసి'కి 5 జాతీయ అవార్డులు వచ్చాయి, అర్చన ఉత్తమ నటి అయ్యారు. అయినా ఆ సినిమా తెలియని ఇళ్ళే ఎక్కువ. ఇలాంటివి జనానికి ఎక్కవని తేల్చిపారేస్తుంటారు. అది అన్యాయం. చాలామందికి ఇవి చేరిందే సాగదీసిన బొమ్మతో, పాటలు కోసేసిన నిడివితో, మాట వినపడని శబ్దంతో. కాపీ, తెర, శబ్దం కుదిరితే 40 మంది పట్టే అపార్ట్‌మెంట్ హాల్లోనైనా, ఊరి గ్రంథాలయంలోనైనా, విదేశంలో తెలుగు సంఘం సమావేశంలోనైనా మంచి సినిమా నిలబడుతుంది.

ఏది ముందు, ఏది తర్వాత

మొదటి ప్రదర్శనకి 'దాసి' వద్దు. అందులో మాటలు చాలా తక్కువ. గడీలో, అంటే దొర ఉండే కోటలాంటి ఇంట్లో, ఆ నిశ్శబ్దమే కథ చెబుతుంది. కలిసి కూర్చుని చూడటం ఇంకా అలవాటు కాని జనం ఆ నిశ్శబ్దంలో ఫోన్లు తీస్తారు. 'కేరాఫ్ కంచరపాలెం' (2018)తో మొదలుపెట్టండి. వెంకటేశ్ మహా ఎక్కువగా ఆ ఊరివాళ్ళతోనే, కొత్తవాళ్ళతోనే తీసిన సినిమా. పది నిమిషాల్లో హాలు మొత్తం కథలోకి వెళ్ళిపోతుంది. పెద్దవాళ్ళు ఎక్కువగా వస్తారనుకుంటే 'చివరకు మిగిలేది' (1960) వేయండి. జమునారాణి పాడిన 'అందానికి అందం నేనే' అందరికీ తెలుసు, అది ఈ సినిమాలోదని తెలిసినవాళ్ళు కొద్దిమంది. నర్సుగా సావిత్రి నటన చూశాక, ఆవిడ గొప్ప పాత్రల జాబితాలో ఇది ఎందుకు లేదని వాళ్ళే అడుగుతారు.

తర్వాత 'మా భూమి', ఆపైన 'ఒక ఊరి కథ' (1977). ప్రేమ్‌చంద్ 'కఫన్' కథని మృణాల్ సేన్ తెలుగులో తీశారు. వాసుదేవరావు చేసిన తండ్రి పాత్ర మీద కోపం, జాలి రెండూ ఒకేసారి వస్తాయి కాబట్టి చర్చ బాగా సాగుతుంది. మోహనకృష్ణ ఇంద్రగంటి 'గ్రహణం'కి మూలం చలం కథ 'దోషగుణం'. ఆ కథ ముందే చదివి రమ్మనకండి, చూశాక చదవమనండి. 'దాసి' నాలుగో వారమో ఐదో వారమో.

కాపీ పూర్తిదేనా?

అందరూ వదిలేసేది ఈ పనే. దీనికి సెన్సార్ సర్టిఫికెట్ చాలు. సినిమా మొదట్లో వచ్చే ఆ కాగితం దగ్గర ఆపి నిడివి చూడండి. రీళ్ళ సంఖ్య పక్కన మీటర్లలో గానీ, పాతవైతే అడుగుల్లో గానీ ఉంటుంది. 35 ఎం.ఎం. ఫిల్మ్ నిమిషానికి సుమారు 27.4 మీటర్లు, అంటే 90 అడుగులు నడుస్తుంది. సర్టిఫికెట్ మీద 4,110 మీటర్లు ఉంటే 27.4తో భాగించండి, 150 నిమిషాలు. 13,500 అడుగులున్నా అంతే.

మీ దగ్గరున్న ఫైలు 144 నిమిషాలే ఉంటే కంగారు పడక్కర్లేదు. సెకనుకు 24 ఫ్రేములతో తీసినదాన్ని టీవీ కోసం 25తో నడిపితే నిడివి 4 శాతం తగ్గుతుంది, గొంతులు కాస్త సన్నబడతాయి, అంతే. 125 నిమిషాలే ఉంటే మాత్రం కోత పడినట్టే. ఎక్కువగా పోయేవి పాటలు, వాటితోపాటు పాటకి ముందూ వెనకా ఉన్న సన్నివేశాల తునకలు. అలాంటి కాపీతో కథ అతుకు తప్పుతుంది, తప్పు దర్శకుడిదని చూసినవాళ్ళు అనుకుంటారు. సర్టిఫికెటే లేకపోతే మొదలు కత్తిరించారని అర్థం, ఇంకో కాపీ వెతకండి.

తర్వాత బొమ్మ ఆకారం. 1950ల నాటి సినిమాలు దాదాపు చదరంగా ఉంటాయి, ఎత్తు 1 అయితే వెడల్పు 1.37. వాటిని వెడల్పు టీవీకి సరిపడా లాగేస్తే మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తారు. పైనా కిందా కోసేస్తే తలలు తెగుతాయి. గుండ్రటి వస్తువు వచ్చే చోట ఆపి చూడండి: బండి చక్రం, గోడ గడియారం, దగ్గరి షాట్‌లో బొట్టు. కోడిగుడ్డులా కనిపిస్తే బొమ్మ సాగింది. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో, కీబోర్డు మీద 'ఎ' మీట నొక్కుతూ పోతే ఆకారం మారుతుంది, 4:3 దగ్గర ఆగండి. పక్కన నల్లటి పట్టీలు వస్తాయి, ఉండనివ్వండి. సాగడం ఇలా సరిచేయొచ్చు గానీ, కోసేసిన తలలు తిరిగి రావు.

అనుమతి

టికెట్ లేదు కాబట్టి అనుమతి అక్కర్లేదనుకోవడం పొరపాటు. ఓటీటీ చందా ఇంట్లో చూసుకోవడానికే. మన దేశంలో సినిమాకి కాపీరైట్ విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు. అంటే 1960 సినిమాకి 2020 చివరితో ముగిసింది. కథకి, పాటల సాహిత్యానికి లెక్క వేరు, రచయిత మరణం తర్వాత 60 ఏళ్ళు. ఇతర దేశాల్లో అక్కడి చట్టం చూసుకోవాలి. హక్కులున్న సినిమాకి నిర్మాతకు ఉత్తరం రాయండి: తేదీ, చోటు, ఎంతమంది, టికెట్ ఉందా లేదా. సమాధానం కాగితం మీదే తీసుకోండి. మంచి కాపీ ఉందేమో అదే ఉత్తరంలో అడగండి. బయట తిరిగే ఫైళ్ళకన్నా మెరుగైనది తరచూ వాళ్ళ దగ్గరే ఉంటుంది.

తెర, శబ్దం

40 మందికి 8 అడుగుల వెడల్పు తెర చాలు. ప్రొజెక్టర్ వెలుగు 3,000 యాన్సీ ల్యూమెన్లు (వెలుగుకి ప్రామాణిక కొలత) ఉండాలి. చవక ఎల్‌ఈడీ ప్రొజెక్టర్ల డబ్బా మీద వేసే పెద్ద అంకెలు ఈ కొలతలో ఉండవు. కొనే ముందు 'యాన్సీ' అన్న మాట ఉందో లేదో చూడండి. త్రో నిష్పత్తి (తెరకి ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5 అయితే తెరకి 12 అడుగుల దూరంలో పెట్టాలి. తెర కింది అంచు నేలకి 4 అడుగుల ఎత్తున ఉండాలి, లేకపోతే ముందువాళ్ళ తలలు సబ్‌టైటిళ్ళని మింగేస్తాయి. వీసీడీ నుంచి తీసిన కాపీ తప్ప దొరక్కపోతే బొమ్మని 5 అడుగులకు తగ్గించండి. చిన్నగా ఉన్నా ముఖాలు తెలుస్తాయి.

బొమ్మ మసకగా ఉంటే జనం ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే లేచిపోతారు. స్పీకర్లు తెర పక్కనే, కూర్చున్నవాళ్ళ తల కన్నా కొంచెం పైన పెట్టండి. పాత సినిమాల్లో శబ్దం మోనో (అంతా ఒకే ఛానెల్) కాబట్టి బేస్ తగ్గించి, మాట స్పష్టత ఉండే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గర కాస్త పెంచండి. ఉత్త గోడలున్న హాలు మోగుతుంది, వెనక గోడకి మందపాటి దుప్పట్లు వేలాడదీయండి. బ్లూటూత్ వాడకండి, పెదాలు కదిలాక మాట వస్తుంది. తీగ లేక తప్పదంటే వీఎల్‌సీలో 'జె' మీట ఒక్కో నొక్కుకి శబ్దాన్ని 50 మిల్లీసెకన్లు ముందుకు తెస్తుంది. శబ్ద పరీక్ష ఫ్యాన్లు తిరుగుతుండగానే చేయండి, ప్రదర్శన నాడు అవి ఆగవు కదా.

'మా భూమి'లో తెలంగాణ యాస చెవికి అలవాటు లేనివాళ్ళు, విదేశాల్లో పెరిగిన పిల్లలు వస్తుంటే సబ్‌టైటిళ్ళు తప్పనిసరి. ఒకసారికి రెండు వరుసలు మించకూడదు. తెలుగులో వేస్తే ఫైలుని భద్రపరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలు దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని ఎంచుకోండి, లేకపోతే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తాయి.

ప్రదర్శన నాడు

ప్రొజెక్టర్‌నీ ల్యాప్‌టాప్‌నీ యూపీఎస్‌కి కలపండి. విశ్రాంతి కార్డు ఎన్నో నిమిషంలో వస్తుందో ముందే రాసిపెట్టుకుని అక్కడే ఆపండి, మధ్యలో తోచిన చోట కాదు. పరిచయం మూడు నిమిషాలు. ఎవరు తీశారు, ఎప్పుడు, ఏ పరిస్థితుల్లో అన్నంతవరకే, కథ జోలికి వెళ్ళకండి. 'మా భూమి'కి గౌతమ్ ఘోష్ అనే బెంగాలీ దర్శకుడు, నిర్మాతల్లో ఒకరైన బి. నర్సింగరావు, తెర మీద 'బండెనక బండి కట్టి' పాడే గద్దర్, ఈ మూడు పేర్లు చెబితే చాలు.

అయిపోయాక "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అంటారు, అక్కడితో మాట తెగిపోతుంది. ఒక సన్నివేశం పట్టుకుని అడగండి. 'ఒక ఊరి కథ'కైతే, "కోడలు నొప్పులు పడుతుంటే తండ్రీకొడుకులు లోపలికి ఎందుకు వెళ్ళలేదు?" అనండి. వాదన దానంతటదే మొదలవుతుంది.

టైటిళ్ళలో కనిపించిన సాంకేతిక నిపుణుల పేర్లు పరీక్ష వేసుకునే రోజే రాసిపెట్టుకోండి. తెలుగు వికీపీడియాలో ఆ సినిమా పేజీ తెరిచి, లేనివాటిని ఆధారం చూపిస్తూ చేర్చండి. నిర్మాతకి ఇంకో ఉత్తరం రాయండి: ఎంతమంది వచ్చారు, ఎంతమంది చివరిదాకా కూర్చున్నారు, ఏం మాట్లాడుకున్నారు. పెట్టెలో మూలుగుతున్న నెగెటివ్‌ని స్కాన్ చేయించాలా వద్దా అని ఆలోచించే మనిషికి ఆ లెక్క పనికొస్తుంది.