డార్క్‌రూమ్ క్లాసు: మొదటి ఫిల్ము నుంచి మొదటి మంచి ప్రింటు దాకా

డార్క్‌రూమ్ అంటే ఫిల్ము కడిగి ప్రింట్లు తీసే చీకటిగది. ఆ క్లాసులో చేరినవాళ్లలో చాలామంది ఫిల్ములో ఉన్న 36 ఫోటోల్లో వీలైనన్ని ప్రింట్లు వేసుకుని ఇంటికి పట్టుకెళ్లాలని తొందరపడతారు. సాయంత్రానికి చేతిలో పదో పన్నెండో బూడిదరంగు ప్రింట్లు మిగులుతాయి. వాటిలో ఒక్కటి కూడా ఫ్రేము కట్టించుకునేలా ఉండదు. నా మాట వింటే ఒక్క నెగెటివ్ (కడిగిన ఫిల్ము మీద నలుపు తెలుపులు తారుమారుగా ఉండే బొమ్మ) పట్టుకోండి, దాని అంతు చూడండి. కింద చెప్పేదంతా ఆ ఒక్క ప్రింటు దాకా చేరడం ఎలా అన్నదే.

చేరేముందు

ఫైన్ ఆర్ట్స్ కాలేజీలు, ఫోటోగ్రఫీ క్లబ్బులు, ఇంట్లోనే డార్క్‌రూమ్ పెట్టుకున్న ఫోటోగ్రాఫర్లు ఇలాంటి క్లాసులు పెడుతుంటారు. అమెరికాలో ఉండేవాళ్లు దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం బ్యాచ్ ఉందేమో కనుక్కోవచ్చు. ఎక్కడ చేరినా డబ్బు కట్టే ముందు కొన్ని సంగతులు అడగండి. ఎన్‌లార్జర్లు (నెగెటివ్ మీది బొమ్మను పెద్దది చేసి పేపరు మీద పడేసే యంత్రాలు) ఎన్ని, నేర్చుకునేవాళ్లు ఎంతమంది? ఒక్కో ఎన్‌లార్జర్‌కి ఇద్దరికంటే ఎక్కువ మంది ఉంటే రోజంతా వరుసలో నిలబడటంతోనే సరిపోతుంది. ఫిల్ము, పేపరు, కెమికల్స్ ఫీజులోనే కలిపారా? క్లాసు లేని వేళల్లో డార్క్‌రూమ్ వాడుకోనిస్తారా? ఈ చివరి ప్రశ్నకు అవునన్నచోట ఫీజు కాస్త ఎక్కువైనా చేరిపోండి.

పేపరు సంగతి ఎందుకు అడగమంటున్నానంటే అది చవకైన వస్తువు కాదు. ఒకప్పుడు ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అనే ప్రభుత్వ కంపెనీ ‘ఇందు’ పేరుతో బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము, పేపరు తయారుచేసేది. అది మూతపడింది. ఇప్పుడు ఇంగ్లండ్ నుంచి వచ్చే ఇల్ఫోర్డ్, చెక్ దేశం నుంచి వచ్చే ఫోమా లాంటివాటి మీద ఆధారపడాల్సిందే.

ఆస్తమా ఉన్నా, గర్భంతో ఉన్నా, చర్మానికి అలర్జీలున్నా ముందే టీచరుకు చెప్పండి, డాక్టర్ని కూడా అడగండి. కొన్ని డెవలపర్లలో (బొమ్మను బయటికి తెచ్చే కెమికల్స్) ఉండే మెటాల్ అనే పదార్థం కొందరి చర్మానికి పడదు. గ్లోవ్స్ వాడితే ఆ గొడవ ఉండదు.

కెమెరా, ఫిల్ము

షట్టరు స్పీడు, అపెర్చరు (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం సైజు) చేత్తో మార్చుకునే 35 ఎం.ఎం. కెమెరా ఏదైనా పనికొస్తుంది. పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎం10, యాషికా ఎఫ్ఎక్స్-3 లాంటివి ఇంట్లో అటక మీద ఉన్నాయేమో చూడండి. ఈ మూడింట్లోనూ షట్టరు బ్యాటరీ లేకపోయినా పడుతుంది. వెలుతురు కొలిచే మీటరుకు మాత్రం గుండీ బ్యాటరీలు కావాలి. వెనక తలుపు తెరిచి ఒక్కో స్పీడులో షట్టరు నొక్కి చూడండి. ఒక సెకనుకూ, సెకనులో అరవయ్యో వంతుకూ తేడా కంటికే తెలిసిపోతుంది. తలుపు అంచుల్లో ఉండే నల్ల స్పాంజి పొడిపొడిగా రాలుతుంటే మార్పించండి, లేకపోతే లోపలికి వెలుతురు దూరుతుంది.

ఫిల్ము విషయంలో ఒక్కటే ఎంచుకుని కోర్సంతా దాన్నే వాడండి. ఇల్ఫోర్డ్ హెచ్‌పి5 ప్లస్ గానీ కొడాక్ ట్రై-ఎక్స్ గానీ తీసుకోండి, రెండూ 400 స్పీడువే (వెలుతురుకు ఫిల్ము ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే అంకె), రెండూ చిన్నాచితకా తప్పుల్ని ఓర్చుకుంటాయి. ఇల్ఫోర్డ్ ఎక్స్‌పి2 మాత్రం కొనకండి. అదీ బ్లాక్ అండ్ వైటే, కానీ కలర్ ఫిల్ముకు వాడే కెమికల్స్‌లో కడగాలి.

మీటరు ఏది చూసినా దాన్ని నడిమి బూడిదరంగు అనుకుంటుంది. తెల్ల పంచె ఫ్రేము నిండా ఉంటే దాన్ని బూడిదరంగులోకి దించేస్తుంది, నల్ల గేదె ఉంటే దాన్నీ బూడిదరంగులోకి లేపేస్తుంది. పంచెకు ఒక స్టాప్ ఎక్కువివ్వండి (అంటే రెట్టింపు వెలుతురు), గేదెకు ఒక స్టాప్ తగ్గించండి (అంటే సగం). ఎటూ తేల్చుకోలేకపోతే కాస్త ఎక్కువ వెలుతురు ఇవ్వడమే మేలు. నీడలో వివరం నెగెటివ్ మీద పడకపోతే డార్క్‌రూమ్‌లో ఎంత తిప్పలు పడ్డా రాదు. మొదటి ఫిల్ముకు మిట్టమధ్యాహ్నం ఎండ వద్దు. పొద్దున పూట అరుగు మీద కూర్చున్న తాతయ్యో, కిటికీ పక్కన పూలు కట్టుకుంటున్న అమ్మమ్మో చాలు.

ఫిల్ము లోడ్ చేశాక అడ్వాన్స్ లివర్ తిప్పినప్పుడల్లా ఎడమవైపు రివైండ్ నాబ్ కూడా తిరుగుతోందా అని గమనించండి. తిరగకపోతే ఫిల్ము కదలట్లేదన్నమాట.

స్పైరల్‌కు ఎక్కించడం

కోర్సు మొత్తంలో అందరికీ టెన్షన్ పుట్టించేది ఇదే. ఫిల్మును డబ్బా నుంచి తీసి, ట్యాంకులో పెట్టే ప్లాస్టిక్ స్పైరల్‌కు చుట్టాలి. అది కూడా కటిక చీకట్లో. సినిమాల్లో చూసే ఎర్ర లైటు ప్రింటు పేపరుకే పనికొస్తుంది, ఎందుకంటే ఆ పేపరుకు నీలం, ఆకుపచ్చ వెలుతురు మాత్రమే తెలుస్తుంది. ఫిల్ముకు అన్ని రంగులూ తెలుస్తాయి, ఎర్ర లైటులో పెడితే పాడైపోతుంది.

డేటు అయిపోయిన ఫిల్ము ఒకటి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. దాంతో ముందు వెలుతురులో చూస్తూ ఎక్కించండి, తర్వాత కళ్లు మూసుకుని, ఆ తర్వాత ఛేంజింగ్ బ్యాగులో (వెలుతురు దూరని, చేతులు మాత్రం పట్టే నల్ల సంచి) చేతులు పెట్టి. టీవీ చూస్తూ చేతులు వాటంతట అవే చేసేంత అలవాటయ్యాక క్లాసుకు వెళ్లండి. ఫిల్ము మొదట్లో ఉండే సన్నటి నాలుకను రెండు రంధ్రాల మధ్య అడ్డంగా కత్తిరించి, మూలలు కొద్దిగా గుండ్రంగా చేస్తే సాఫీగా ఎక్కుతుంది.

స్పైరల్‌లో ఒక్క నీటిబొట్టున్నా ఫిల్ము మధ్యలో బిగుసుకుపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఛేంజింగ్ బ్యాగులో పెట్టిన చేతులే చెమటకు తడిసిపోతాయి. చేతులు బాగా తుడుచుకుని, చల్లటి గదిలో మొదలుపెట్టండి. ఫిల్ము బిగుసుకుంటే బలవంతంగా తోయకండి, మడత పడిన చోట నెలవంకల్లా నల్లటి మచ్చలు వస్తాయి. వెనక్కి లాగి మళ్లీ మొదలుపెట్టండి. చేతులు మరీ తడిగా అనిపిస్తే ఫిల్మునూ స్పైరల్‌నూ ట్యాంకులో పడేసి మూత బిగించండి. ఇప్పుడు చేతులు బయటికి తీసి, తుడుచుకుని, నీళ్లు తాగి వచ్చినా ఏమీ కాదు.

ఫిల్ము కడగడం

ట్యాంకు మూత పడ్డాక మిగతా పనంతా లైటు వేసుకునే చేయొచ్చు. ముందు డెవలపరు, తర్వాత దాని పనిని ఆపే స్టాప్ బాత్, తర్వాత బొమ్మను నిలిపే ఫిక్సర్ (మన స్టూడియోల్లో హైపో అంటారు), చివర నీళ్లు. హైపో వెండి లవణాల్ని కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టాడు, అప్పటికి ఫోటోగ్రఫీ పుట్టనే లేదు.

హెచ్‌పి5ను ఇల్ఫోర్డ్ ఐడి-11 డెవలపరులో, నీళ్లు కలపకుండా, 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు ఉంచాలి. మొదటి 10 సెకన్లలో ట్యాంకును నాలుగుసార్లు తలకిందులు చేయండి, ఆపై ప్రతి నిమిషం మొదట్లో మళ్లీ నాలుగుసార్లు. తిప్పిన ప్రతిసారీ ట్యాంకును బల్ల మీద టక్కున ఆనిస్తే గాలిబుడగలు ఊడిపోతాయి.

చిక్కంతా ఆ 20 డిగ్రీలతోనే. ఏప్రిల్, మే నెలల్లో మన కుళాయి నీళ్లు 30 దాటేసి ఉంటాయి. కెమికల్ సీసాలను టబ్బులో నిలబెట్టి చుట్టూ చల్లటి నీళ్లు, ఐసు ముక్కలు వేయండి. ఐసును డెవలపరులోనే వేస్తే అది పల్చబడుతుంది. ఎంత చేసినా 23 దగ్గరే ఆగితే టైము తగ్గించుకోవచ్చు. ఇల్ఫోర్డ్ పట్టిక ప్రకారం 20 డిగ్రీల దగ్గర 4 నిమిషాలు పట్టేది 23 దగ్గర 3 నిమిషాల్లో అవుతుంది, అంటే ఏడున్నర నిమిషాలది ఐదున్నర నిమిషాలకు కాస్త అటూఇటూ. ఐదు నిమిషాల కంటే కిందికి మాత్రం దిగొద్దు, ఫిల్ము అంతటా సమానంగా డెవలప్ కాదు.

స్టాప్ బాత్ కొద్ది సెకన్ల పనే. ఫిక్సర్ బాగుందో లేదో చూడాలంటే ముందుగా కత్తిరించిన ఆ నాలుక ముక్కను అందులో వేయండి. అది పారదర్శకంగా మారడానికి ఎంత సేపు పడితే దానికి రెట్టింపు సేపు ఫిల్మును ఉంచండి. కడగడానికి గంటలకొద్దీ కుళాయి వదలక్కర్లేదు. ట్యాంకు నిండా నీళ్లు పోసి ఐదుసార్లు తిప్పి పారబోయండి, మళ్లీ నింపి పదిసార్లు, మళ్లీ నింపి ఇరవైసార్లు. ఆఖర్న వెట్టింగ్ ఏజెంట్ (నీళ్లు బొట్లుగా నిలవకుండా జారిపోయేలా చేసే ద్రవం) చుక్కలు వేసిన నీళ్లలో ముంచితే మరకలు పడవు. ఫిల్మును బాత్‌రూమ్‌లో వేలాడదీసి, కింద బరువుకు క్లిప్పు పెట్టి తలుపేయండి. తొందరగా ఆరుతుందని ఫ్యాన్ వేస్తే గదిలో దుమ్మంతా తడి ఫిల్ముకు అంటుకుంటుంది, ఆ దుమ్ము ప్రతి ప్రింటులోనూ తెల్ల చుక్కలై వెక్కిరిస్తుంది.

కాంటాక్ట్ షీట్

ఆరిన ఫిల్మును ఆరు ఫ్రేములకో ముక్క చొప్పున కత్తిరించి, 8×10 పేపరు మీద పరిచి, గాజు పలక పెట్టి ఒకేసారి ప్రింటు తీస్తారు. ఏ నెగెటివ్ ఎంచుకోవాలో ఇక్కడే తేలుతుంది. నల్లటి నలుపు, తెల్లటి తెలుపు, మధ్యలో చాలా ఛాయలు ఉన్నది తీసుకోండి. మీకు బాగా ఇష్టమైన ఫోటో అదే కాకపోవచ్చు. ఇష్టమైనదాన్ని రెండో క్లాసుకు దాచుకోండి.

ప్రింటు

లోపలికి వెళ్లేముందు ఫోన్ బయట పెట్టండి, స్మార్ట్‌వాచ్ కూడా. చెయ్యి ఎత్తగానే వాచీ వెలిగిందంటే మీ పేపరే కాదు, పక్కవాళ్ల పేపరూ పోతుంది. డెవలపరు ట్రేకో పటకారు, ఫిక్సర్ ట్రేకో పటకారు, వాటిని కలపొద్దు. తడి చేతుల్తో ఎన్‌లార్జర్ దగ్గరికి రావొద్దు.

నెగెటివ్‌ను మెరవని వైపు కిందికి ఉండేలా పెట్టండి. లెన్సును పూర్తిగా తెరిచి ఫోకస్ చేసి, ఆ తర్వాత ఎఫ్/8కి తెండి. రెండో నంబరు ఫిల్టర్ పెట్టండి (నంబరు పెరిగేకొద్దీ ప్రింటులో నలుపు తెలుపుల తేడా పెరుగుతుంది). ఇక టెస్ట్ స్ట్రిప్, అంటే ఎంత టైము ఇవ్వాలో తేల్చే పరీక్ష ముక్క. మనిషి ఫోటో అయితే ముఖం, బట్టలు, వెనకున్న నీడ అన్నీ వచ్చేచోట ఒక పేపరు ముక్క పెట్టి, మొత్తానికి 4 సెకన్లు వెలుతురు ఇవ్వండి. ఐదో వంతును అట్టతో కప్పి మళ్లీ 4 సెకన్లు. అట్టను జరుపుకుంటూ పోతే 4, 8, 12, 16, 20 సెకన్ల పట్టీలు వస్తాయి. పేపరు ఆదా చేద్దామని వేలెడంత ముక్క వాడకండి. పిసినారితనం చూపించాల్సిన చోటు ఇది కాదు. టెస్ట్ స్ట్రిప్ సరిగ్గా లేకపోతే ఆనక పోయేవి పెద్ద షీట్లు.

ఆర్‌సి పేపరును (ప్లాస్టిక్ పూత ఉన్న ప్రింటు పేపరు) ఇల్ఫోర్డ్ మల్టీగ్రేడ్ డెవలపరులో ఒక నిమిషం ఉంచాలి. ఎర్ర లైటులో అన్నీ ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తాయి, అందుకే ‘అయ్యో, మాడిపోతోంది’ అనుకుని నలభై సెకన్లకే లాగేస్తారు. లాగితే నలుపు మట్టిరంగులో ఆగిపోతుంది. గడియారాన్ని నమ్మండి. స్టాప్ బాత్‌లో 10 సెకన్లు, ర్యాపిడ్ ఫిక్సర్‌లో అర నిమిషం, ఆ తర్వాత బయటికి తెచ్చి మామూలు వెలుతురులో చూడండి.

ఇప్పుడు తెలుపు వైపు మాత్రమే చూడండి. తాతయ్య పంచెలో మడతలు ఏ పట్టీలో తెలుస్తున్నాయి, ఎక్కడ వెలిసిపోయాయి? మడతలు సరిగ్గా కనపడే పట్టీ టైమే మీ టైము. ఆ టైముతో పూర్తి ప్రింటు వేసి, అప్పుడు నలుపు చూడండి. జుట్టు, తలుపు వెనక చీకటి బూడిదరంగులో ఉంటే 3వ ఫిల్టర్‌కు వెళ్లండి. నీడల్లో ఏమీ కనపడక సున్నం-బొగ్గులా ఉంటే 1కి దిగండి. ఫిల్టర్ మార్చినప్పుడల్లా కొత్త టెస్ట్ స్ట్రిప్ తీయడం మంచిది. 4, ఆపై ఫిల్టర్లకైతే టైము రెట్టింపు చేయాలి. టైముతో తెలుపు, ఫిల్టర్‌తో నలుపు. కొత్తవాళ్లు ఈ రెంటినీ ఒకేసారి మార్చేసి, దేనివల్ల ఏమైందో తెలియక తికమకపడతారు.

మూడో, నాలుగో షీటుకు ప్రింటు దారిలో పడుతుంది. అప్పుడు అసలు సరదా మొదలవుతుంది. ముఖం కాస్త నల్లగా ఉంటే సన్నటి తీగకు రూపాయి బిళ్లంత అట్టముక్క అతికించి, ఎక్స్‌పోజర్ మధ్యలో రెండు మూడు సెకన్లు ముఖం మీద నీడ పడేలా ఆడించండి. దీన్ని డాడ్జింగ్ అంటారు. ఆకాశం వెలవెలబోతే దానికి మాత్రం అదనంగా కొన్ని సెకన్లు ఇవ్వండి, అది బర్నింగ్. రెండింట్లోనూ చెయ్యి కదులుతూనే ఉండాలి, ఆగితే గీత పడుతుంది. ఒక ప్రింటుకు ఒక్క మార్పే చేసి, పాత ప్రింటు పక్కన పెట్టి పోల్చండి.

ప్రతి ప్రింటు వెనక పెన్సిల్‌తో టైము, అపెర్చరు, ఫిల్టరు, ఎక్కడ ఎన్ని సెకన్లు ఆపారో ఎక్కడ పెంచారో రాసుకోండి. ఆర్‌సి పేపరు వెనక మామూలు పెన్సిల్ సరిగ్గా పడకపోతే మెత్తటి లెడ్ ఉన్నది వాడండి. ఆ రాతలున్న ప్రింటునే తర్వాతి క్లాసుకు తీసుకెళ్లి టీచరు ముందు పెట్టండి, అప్పుడు ఆయన ఇచ్చే సలహా సూటిగా ఉంటుంది.

ఆర్‌సి ప్రింట్లకు పారే నీళ్లలో రెండు నిమిషాలు చాలు. వాడేసిన ఫిక్సర్‌లో వెండి ఉంటుంది కాబట్టి మోరీలోనో మొక్కల్లోనో పోయకుండా, క్లాసులో పెట్టిన డబ్బాలో పోయండి. లైటు వేసేముందు మిగిలిన పేపరు నల్ల కవర్లో, ఆ కవరు పెట్టెలో, పెట్టె మూత వేసి ఉన్నాయో లేదో తడిమి చూసుకుని, గదిలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా ‘లైటు వేస్తున్నా’ అని చెప్పి అప్పుడు స్విచ్ నొక్కండి.